పెర్గేనుండి వెనుదిరిగిన యౌవనుడు

పాఠ్యభాగములు: అపొ. కార్య. 12:12, 25, 13:1-13, 15:36-40, కొలొ. 4:10, 11, 2 తిమోతి 4:9-13



పిల్లలు కళాశాలలలో చేరు కాలము దగ్గరపడినది. మన పల్లెలనుండి ప్రతి సంవత్సరము కొందరు చదువుకొరకు హాస్టళ్లకును, కొందరు పనికొరకు పట్టణములకును పోవుచున్నారు. పోవునాడు పేటలోని వారందరము బస్సు దగ్గరకు వెళ్లి, ప్రార్థన చేసి పంపుదుము. వారిలో ఒకరో ఇద్దరో మధ్యలోనే సంచి భుజమున వేసికొని తిరిగి వచ్చుటయు మనమెరిగినదే. అట్లు వచ్చినవారిని గూర్చి మన సంఘములలో ప్రార్థనలు తక్కువ, గుసగుసలు ఎక్కువ. కావున ఈ నెల పాఠమునకు లేఖనములలోనుండి అట్టి యౌవనుని ఒకనిని తీసికొనుచున్నాను. బైబిలు దగ్గర పెట్టుకొని, పైన చూపిన వచనములను ఒక్కొక్కటిగా తెరచి చూచుచు రండి. ఇతని కథ ఒక్కచోట దొరకదు. ఐదారు పుస్తకములలో చెదరియున్నది.

అతని పేరు యోహాను, మారుపేరు మార్కు. యెరూషలేములో అతని తల్లియైన మరియ యిల్లు ఎట్టిదో అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయమునుబట్టి తెలియుచున్నది. వీధివైపు తలవాకిలి, తలుపు తట్టిన సద్దు విని వచ్చుటకు రొదే అను పనిపిల్ల, అనేకులు కూడి ప్రార్థించుటకు చాలినంత చోటు ఆ యింట కలవు. పేతురు చెరలోనుండి విడిపింపబడి రాత్రివేళ నేరుగా వచ్చినది ఆ యింటికే. కలిగినవారి యిల్లు, ప్రార్థనకు అలవాటుపడిన యిల్లు. తండ్రి మాట ఎక్కడను లేదు. బర్నబా అతనికి దగ్గరి బంధువు. పాత ఇంగ్లీషు తర్జుమాలో మార్కు బర్నబాకు తోబుట్టువు కుమారుడని యున్నది గాని, గ్రీకు మాటకు పినతండ్రి బిడ్డ, మేనమామ బిడ్డ అను వరుస అర్థము. ఈ బర్నబా కుప్రలో పుట్టిన లేవీయుడు. తన భూమి అమ్మి, వచ్చిన సొమ్మంతయు అపొస్తలులకు అప్పగించినవాడు.

సంఘపెద్దల పిల్లలును, మా పాస్టర్ల పిల్లలును ఈ సంగతి గమనింపవలెను. అనుదినము ప్రార్థన జరుగు ఇంట పెరుగుట గొప్ప మేలే. అయినను తల్లి మోకాళ్లూనినందున కుమారుని కాళ్లకు నడక రాదు.

కరవు కాలమున అంతియొకయ సంఘము పంపిన సహాయమును బర్నబా, సౌలు యెరూషలేమునకు తెచ్చిరి. తిరిగి పోవునప్పుడు ఈ యౌవనుని వెంట తీసికొనిపోయిరి. తరువాత అంతియొకయ సంఘము ఆ యిద్దరిని సువార్త పనికి ప్రత్యేకించి పంపినప్పుడు, అతడును సహాయకుడుగా బయలుదేరెను. ఇది సుమారు క్రీ. శ. 46-48 సంవత్సరముల మధ్య జరిగినది. సహాయకుడు అనుటకు లూకా 13:5లో వాడిన గ్రీకు మాటనే, నజరేతు సమాజమందిరములో యేసు గ్రంథమును చుట్టి తిరిగి ఎవని చేతికిచ్చెనో ఆ పరిచారకునికిని వాడెను (లూకా 4:20). అనగా పెద్ద పేరుగల పని కాదు. పడవ మాటాడుట, బస చూచుట, మూటలు మోయుట, పెద్దలు బోధించుచుండగా కావలసినవి అందించుట వంటి పనులు అతనివై యుండవచ్చును.

మొదట వారు పోయినది కుప్ర ద్వీపమునకు. అది బర్నబా పుట్టిన చోటు. భాష తెలియును, చుట్టములుందురు. సలమీనుండి పాఫు వరకు ద్వీపమంతయు నడిచిరి. పాఫులో ఎలుమ అను గారడీవాడు ఎదిరించుట, అధిపతియైన సెర్గి పౌలు విశ్వసించుట మార్కు కన్నులార చూచి యుండవలెను. అంతవరకు బాగుగనే జరిగెను.

అక్కడనుండి ఓడ ఎక్కి ఉత్తరముగా పంఫూలియాలోని పెర్గేకు వచ్చిరి. అది ఇప్పటి టర్కీ దేశమునకు దక్షిణపు ఒడ్డున, అంతల్యా పట్టణమునకు సమీపముననున్నది. సముద్రతీరపు పల్లపు నేల. దాని వెనుక తౌరు పర్వతములు గోడవలె లేచియుండును. వారు చేరవలసిన పిసిదియలోని అంతియొకయ ఆ కొండల ఆవల, వెయ్యి మీటర్లకు మించిన ఎత్తున నున్నది. త్రోవలో ఏరులు, లోయలు, దొంగల భయము. పౌలు తన ప్రయాణపు ఆపదలను 2 కొరింథీయులకు 11వ అధ్యాయములో చెప్పుకొన్నప్పుడు నదులను, దొంగలను ఒకదాని ప్రక్కన ఒకటి లెక్కించుట చూడుడి. ఈ కొండత్రోవయు ఆయన మనస్సులో ఉండెనేమో.

పెర్గేలో మార్కు వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. లూకా దీనికి ఒక్క వాక్యమే వ్రాసి ఊరకుండెను. ఎందుకు పోయెనో చెప్పలేదు.

పండితులు పలువిధముల ఊహించిరి. కొండత్రోవకు జడిసెనని కొందరు. తల్లిమీద బెంగయని కొందరు. ఆ ప్రాంతములలో చాలకాలము తిరిగి పరిశోధించిన సర్ విలియం రామ్సే, ఆ పల్లపు నేలలో పౌలునకు మలేరియావంటి జ్వరము తగిలియుండునని తలంచెను. అట్లయిన నాయకుడే మంచమెక్కగా చిన్నవాని ధైర్యము దిగజారుట వింత కాదు. మరియొక సంగతి 13వ అధ్యాయములోనే కనబడుచున్నది. మొదట బర్నబాయును సౌలును అని పేర్లు వచ్చుచుండెను. పాఫు విడిచిన తరువాత పౌలు పేరు ముందునకు వచ్చెను. తన అన్న వెనుకబడుట మార్కునకు నచ్చలేదేమో. ఇవన్నియు ఊహలే. లూకాకు కారణము తెలిసియుండవచ్చును, అయినను వ్రాయలేదు. ఆ మౌనమునందు ఒక దయ యున్నదని నా తలంపు.

మనము వ్యవసాయము చేయువారము గనుక ఒక మాట. నారుమడిలో పచ్చగా నిగనిగలాడిన నారు, పీకి పొలములో నాటిన మరునాడు ఎట్లుండును? తలలు వాల్చి, పసుపు తిరిగి, చచ్చినట్లుండును. క్రొత్తగా సేద్యములో దిగినవాడు చూచి గుండె బాదుకొనును. అనుభవముగల రైతు బెదరడు. పలుచగా నీరు నిలుపును, గట్టుమీదనుండి రోజును చూచుకొనును. వారము గడచునప్పటికి కొత్త వేరు పట్టి పైరు మూన తిరుగును. ఆ వారములో నారు పాడైనదని పీకివేసిన రైతును నేనింతవరకు చూడలేదు. పిల్లల విషయములో మాత్రము ఆ ఓపిక మనకెందుకు లేదో ఆలోచింపుడి.

ఇప్పుడు 15వ అధ్యాయమునకు రండి. కొంతకాలమైన పిమ్మట పౌలు మొదటి ప్రయాణములో స్థాపించిన సంఘములను తిరిగి చూచి వత్తమని బర్నబాతో అనెను. బర్నబా మార్కునుకూడ తీసికొని పోవలెననెను. పౌలు ఒప్పుకొనలేదు. ఇద్దరికిని ఎంత తీవ్రమైన వాదము జరిగెననగా వారు వేరైపోయిరి. సౌలు క్రొత్తగా మారినప్పుడు యెరూషలేములో అందరు భయపడి దూరముగా నుండగా, చేయి పట్టుకొని అపొస్తలులయొద్దకు తీసికొనిపోయినవాడు ఈ బర్నబాయే (9:26, 27). అట్టివారిద్దరు ఒక చిన్నవాని విషయమై విడిపోయిరి. లూకా దీనిని దాచలేదు. ఎవరిది తప్పో తీర్పును చెప్పలేదు.

పౌలును తొందరపడి నిందింపరాదు. మార్కు పోయిన తరువాత ఆ ప్రయాణములో ఏమి జరిగినదో జ్ఞాపకము చేసికొనుడి. అంతియొకయలోనుండి వెళ్లగొట్టిరి, ఈకొనియలో రాళ్లు రువ్వ జూచిరి, లుస్త్రలో నిజముగానే రాళ్లతో కొట్టి, చచ్చెననుకొని ఊరివెలుపలికి ఈడ్చిరి. అట్టి త్రోవలో సగములో విడిచిపోవు మనిషి తోడివారికి ప్రాణాపాయము. పౌలు లెక్క పనిని గూర్చినది. బర్నబా లెక్క మనిషిని గూర్చినది. సంఘమునకు రెండు లెక్కలును కావలెను. మన కమిటీలలో మొదటి లెక్క వేయువారు పదిమంది దొరకుదురు, రెండవది వేయువాడు ఒక్కడు దొరకుట కష్టము.

ఇది నేను దూరమునుండి చెప్పు మాట కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నేను పనిచేయు సంఘములో ఒక చిన్నవాడు పదవ తరగతి మంచి మార్కులతో ప్యాసయ్యెను. (అతని సెలవు తీసికొనియే ఇది వ్రాయుచున్నాను.) పట్టణములో పాలిటెక్నిక్ చదువుటకు సీటు వచ్చెను. స్త్రీల సమాజమువారు వంట చేయు ప్రతి పూట పిడికెడు బియ్యము తీసి దాచి, నెలకొకసారి మందిరమునకు తెచ్చి అమ్మి, ఆ సొమ్ముతో అతని హాస్టలు ఖర్చు కట్టిరి. కూలికి పోవు విధవరాండ్రు సైతము వేసిరి. చిన్నవాడు దసరా సెలవులకు వచ్చి, మరల పోలేదు. తండ్రి కొట్టెను, తల్లి ఏడ్చెను. అతడు నోరు విప్పలేదు.

ఆ ఆదివారము నేను లూకా 9వ అధ్యాయపు చివరి వచనము తీసికొని, నాగలి పట్టి వెనుకకు చూచువారిని గూర్చి బోధించితిని. పేరు చెప్పలేదు. చెప్పవలసిన పనియు లేకపోయెను. తలలన్నియు ఒక్కవైపునకు తిరిగినవి. ప్రసంగము బాగుగ కుదిరినదని ఆ దినమున నాకు తోచెను. చిన్నవాడు చివరి కీర్తన పాడకమునుపే లేచి పోయెను. తరువాత ఏడాదిన్నర కాలము మందిరపు గడప తొక్కలేదు.

పెర్గేనుండి మార్కు ఎందుకు వచ్చెనో లూకా వ్రాయలేదు. మా చిన్నవాడు ఎందుకు వచ్చెనో నేను అడుగలేదు. రెండును ఒకటి కావు.

అతని పెదనాన్న తాపీమేస్త్రీ, అంతగా చదువుకొన్నవాడు కాడు. అతడు ఒకనాడు తమ్ముని యింటికి వచ్చి, "వీణ్ణి కొన్నాళ్లు నాతో పంపురా, ఇంట్లో కూర్చుంటే మనిషి చెడిపోతాడు" అని చెప్పి వెంట తీసికొనిపోయెను. దూరము కాదు, చుట్టుప్రక్కల ఊళ్లకే. మొదట ఇటుకలందించుట, తరువాత మాలు కలుపుట, తరువాత తాపీ పట్టుట. మధ్యాహ్నము ఒకే గిన్నెలో తినుచు ఆ పెద్దాయన మెల్లగా అడిగి సంగతి తెలిసికొనెను. అక్కడ పాఠములన్నియు ఇంగ్లీషులో చెప్పిరి. పదవ తరగతివరకు తెలుగులో చదివిన పిల్లవానికి మాట వెంట మాట తప్పిపోయెను. అడుగుటకు లేచిననాడు తోటివారు నవ్విరి. మూడు నెలలు వెనుక బల్లమీద కూర్చుండి, రాత్రులు మేడమీదికి పోయి ఏడ్చెను. పిడికెడు బియ్యము వేసిన అవ్వల ముఖములు కన్నులయెదుట నిలిచి, ఆ సంగతి ఎవరికిని చెప్పుకొనలేకపోయెను.

నాకు ఇది తెలిసినప్పుడు వారు ప్రక్క ఊరిలో ఒక యిల్లు కట్టుచుండిరి. సైకిలుమీద పోయితిని. చిన్నవాడు పరంజామీద నిలిచి గోడకు పూత పూయుచుండెను. నేను క్రింద నిలిచి, "అబ్బాయీ, ఆ ఆదివారము నేను తప్పుచేసితిని, నన్ను క్షమించవలెను" అంటిని. కొంతసేపు మాటలేదు. పిమ్మట అతడు, "అయ్యగారూ, కాస్త అటు జరగండి, మాలు మీద పడుద్ది" అనెను. ఆ దినమున ఇంకేమియు అనలేదు. పెదనాన్న టీ తెప్పించెను. ముగ్గురము ఇసుక కుప్పమీద కూర్చుండి త్రాగితిమి.

మార్కును గూర్చి మరల చూతము. బర్నబా అతనిని ఎక్కడికి తీసికొనిపోయెనో గమనించితిరా? మరల పెర్గేకు కాదు, ఆ కొండలకు కాదు. కుప్రకు. మొదటి ప్రయాణములో మార్కు చక్కగా నడిచిన నేల అది. తప్పిన చోటికి అప్పుడే ఈడ్చుకొనిపోయి ధైర్యము చూపుమనలేదు. చేయగలిగిన పనియొద్ద మరల మొదలుపెట్టించెను. ఇది గారాబము కాదు. కుప్రలోను నడక నడకే, పని పనియే. ప్రక్కన తోడుండుటయే భేదము.

మార్కు చేసినదియు ఒకటి కలదు. దానిని మనము దాటిపోవుదుము. వాదము జరిగినది అంతియొకయలో. యెరూషలేమునకు తిరిగిపోయిన మార్కు మరల అంతియొకయకు వచ్చియుండవలెను, లేదా పిలిచిన వెంటనే రాగలిగి యుండవలెను. ఆ రెండు పట్టణముల నడుమ దాదాపు మూడు వందల మైళ్లు. తన్ను పంపిన సంఘము అక్కడ నున్నది. తాను విడిచివచ్చిన పౌలు అక్కడ నున్నాడు. అందరికిని తన సంగతి తెలియును. వారి ముఖములు చూచుటకు అతడు సిద్ధపడెను. యౌవన సహోదరులారా, సహోదరీలారా, తౌరు కొండలకంటె ఈ త్రోవయే అతనికి ఎక్కువ నిట్రముగా నుండెనని నేననుకొనుచున్నాను. బర్నబా ఎంత మంచివాడైనను, ఇంటిలో దాగుకొన్నవానిని తోడ్కొని ఓడ ఎక్కలేడు గదా!

అటుపిమ్మట పది పన్నెండేండ్లు మార్కును గూర్చి ఏమియు వినబడదు. అపొస్తలుల కార్యములు పౌలు వెంటనే పోవును; కుప్రకు పోయిన ఓడను మరల చూడదు. ఆ యేండ్లలో అతడు ఏయే ఊళ్లు తిరిగెనో, ఎన్నిసార్లు మనస్సు జారెనో, ఎట్లు నిలుచుకొనెనో ఎవరును వ్రాయలేదు. మనిషి పెరుగుట అధికముగా ఇట్టి వ్రాయని యేండ్లలోనే జరుగును. సాక్ష్యపు కూడికలలో మొదటిరోజును చివరిరోజును చెప్పుదుము. నడిమి యేండ్లు చెప్పుటకు ఎవరికిని తీరిక లేదు.

తరువాత పౌలు బంధకములలోనుండి కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో అతడు మరల కనబడుచున్నాడు, పౌలుయొద్దనే! మార్కు మీయొద్దకు వచ్చినయెడల చేర్చుకొనుడని పౌలు చెప్పుచున్నాడు; అతని విషయమై ఇంతకుముందే వారికి ఆజ్ఞలు అందినవట. ఇంత చెప్పవలసివచ్చెననగా, పెర్గే సంగతి సంఘములలో ఇంకను నోళ్లలో నానుచుండెనేమో. పాత గుసగుసకు పౌలే తన పత్రికతో అడ్డము నిలిచెను. తనకు ఆదరణగా నుండిన కొద్దిమంది యూదులలో అతని పేరు చేర్చెను. ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో జతపనివారి వరుసలో వ్రాసెను. పేతురు తన మొదటి పత్రిక చివర అతనిని కుమారుడని పిలిచెను.

రెండవ శతాబ్దపు మొదటి భాగములోనుండిన పపియ అను హియెరాపొలి బిషప్పు చెప్పినదానినిబట్టి, మార్కు పేతురు మాటలకు అనువాదకుడుగా నుండి, వినినదానిని సువార్తగా వ్రాసెను. ఆ సువార్తలో పేతురు బొంకిన సంగతి ఏమియు తగ్గింపక వ్రాయబడినది. సమాధియొద్ద స్త్రీలు వినిన వర్తమానములో శిష్యులతోపాటు పేతురు పేరును విడిగా చెప్పినవాడు నలుగురు సువార్తికులలో మార్కు ఒక్కడే (16:7). తానును ఒకప్పుడు విడిచి పోయి మరల పిలువబడినవాడు గనుక, ఆ ఒక్క పేరు అతని చెవిలో నిలిచియుండునని నేను నమ్ముచున్నాను.

కడపట 2 తిమోతి 4వ అధ్యాయము చదువుడి. పౌలు వృద్ధుడు, మరల బంధకములలో నున్నాడు. దేమా విడిచిపోయెను. లూకా ఒక్కడే దగ్గర నున్నాడు. చలికాలము రాకమునుపే రమ్మని తిమోతికి వ్రాయుచు, మార్కునుకూడ వెంట తీసికొని రావలెననియు, తన పనికి అతడు అక్కరకు వచ్చువాడనియు చెప్పెను. ఒకప్పుడు పనికిరాడని త్రోసిన నోటితోనే చెప్పెను. ఆ వెంటనే త్రోయలో విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మనెను.

ఈ తిమోతి ఎవరో జ్ఞాపకమున్నదా? మార్కు విషయమై బర్నబాతో విడిపోయి, లుస్త్రకు వచ్చినప్పుడు పౌలు క్రొత్తగా వెంటబెట్టుకొనిన యౌవనుడు (అపొ. కార్య. 16:1-3). మార్కు ఖాళీ చేసిన చోటికి వచ్చినవాడు. ఇప్పుడు మార్కును తోడ్కొని రమ్మని ఆ తిమోతికే ఉత్తరము వచ్చెను. ఇద్దరును ఒకే త్రోవను కలిసి నడవవలెను. యౌవనస్థుల కూడికలో ఈ పాఠము చదువునప్పుడు, తప్పక నిలిచినవారును తప్పి తిరిగి వచ్చినవారును ఈ భాగమును కలిసి చదువవలెనని కోరుచున్నాను.

మా చిన్నవాని సంగతి కొంత మిగిలియున్నది. అతడు పాలిటెక్నిక్‌కు మరల పోలేదు. పెదనాన్న వయసు మీరి పని మానినందున ఇప్పుడు అతడే మేస్త్రీ. ప్లాను చూచి కొలతలు తీయుట రాత్రులు కూర్చుండి తనంతట తాను నేర్చుకొనెను. ఒకప్పుడు తన్ను బెదరగొట్టిన ఇంగ్లీషు మాటలలో పనికి కావలసినవి ఇప్పుడు తడబడక చెప్పును. మందిరమునకు వచ్చుచున్నాడు. వెనుకవైపున, గుమ్మము దగ్గరనే కూర్చుండును. అది నావలన అలవాటైన చోటని నాకు తెలియును. ముందుకు రమ్మని నేను అడుగలేదు.

ఈ సంవత్సరము మన పిడికెడు బియ్యపు సొమ్ముతో ఇద్దరు హాస్టలుకు పోవుచున్నారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. పోయిన నెల పెద్దల కూడికలో ఈ మార్కు కథ చెప్పి, ఫీజు కట్టుటతో మన పని తీరలేదనియు, మొదటి మూడు నెలలు నెలకొకసారి ఎవరైన పోయి చూచి రావలెననియు అంటిని. అమ్మాయియొద్దకు మా యింటావిడ పోవుదుననెను. అబ్బాయి మాట వచ్చినప్పుడు పెద్దలు ఒకరి ముఖము ఒకరు చూచుకొనుచుండగా, గుమ్మము దగ్గరనుండి మేస్త్రీ లేచి, "నేను పోతానయ్యగారూ, ఆ హాస్టలు నాకు తెలుసు" అనెను. బస్సు చార్జీ సంఘపు లెక్కలోనుండి ఇయ్యబోగా పుచ్చుకొనలేదు. మొదటిసారి పోవునది జూలై రెండవ ఆదివారము, ఆరాధన ముగిసిన వెంటనే. పచ్చడియో, పిండివంటలో పంపదలచిన తల్లులు శనివారము సాయంత్రమునకే అతనికి అందింపవలెను.